పూసల వరస

తేలూరు నీళ్ళ పుస్తకం
తేలిన 71వ ఏడు

131వ రోజు

వాన ట్యాంకులు: మొదటిది నిండా, రెండోది సగం, మూడోది అడుగున జానెడు. ఉప్పు తీసే మిషను పొద్దున్న నాలుగు గంటలు తిరిగింది. గొట్టంలో మళ్ళీ గుల్లలు పట్టాయి. గీకేశాను. గుల్లలతోపాటు నా వేళ్ళ చర్మం కూడా ఊడివచ్చింది.

నియమం ప్రకారం ఇక్కడితో ఆపాలి. నీళ్ళ పుస్తకంలో నీళ్ళు తప్ప మరో ముక్క రాయకూడదని మా ఊరి పెద్ద జగ్గయ్య మామ పోయినేడు నలుగురిలో నాకు అక్షింతలు వేశాడు. కానీ మోకులతో కట్టుకుని తేలుతున్న ఈ నలభై రెండు పడవల మొత్తానికి కాగితం ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. పెన్ను చేతిలో ఉండగా నోరు కట్టుకుని కూర్చోవడం ఈ దాలమ్మ ఒంటికి పడదు.

ఇవాళ ఒడ్డు నుంచి గింజల పడవ వచ్చింది, పదకొండు నెలల తర్వాత. బియ్యం, చోళ్ళు, ఒక బస్తా ఉల్లిపాయలు. ఉల్లిపాయల బస్తా విప్పగానే ఊరు ఊరంతా దాని చుట్టూ చేరి గట్టిగా ఊపిరి పీల్చింది. అసిరమ్మత్త తన వంతుకు వచ్చిన ఉల్లిపాయను కొంగుకు ముడేసుకుంది.

"కూరలో వెయ్యవేటి?" అన్నాను.

"ఇది కూరకి కాదే. వాసనకి. నా ఇష్టం."

ఆమె నా మొగుడు కొర్లయ్య తల్లి. కొర్లయ్య తుపానులో పోయి తొమ్మిదేళ్ళయింది, ఆయన తల్లి నాకు మిగిలింది. ఒకే పడవలో ఉంటాం. రోజుకు మూడుసార్లు పోట్లాడుకుంటాం, నాలుగోసారి అన్నానికి పిలుచుకుంటాం.

గింజల పడవ నడుపుకొచ్చిన బషీరుకు గొంతు బొంగురుపోయింది. ఎండదెబ్బ అన్నాడు. ఎక్కడా ఎండ లేదు.

134వ రోజు

ట్యాంకులు: నిండా, సగం, జానెడు. వాన లేదు.

బషీరు గోళ్ళు నీలంగా తిరిగాయి. బస్తాలు దించిన మనవాళ్ళు నలుగురికీ అంతే. నీలిగోళ్ళ జ్వరం. ఇరవై ఏడేళ్ళ తర్వాత మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చింది.

ఈ జ్వరం చంపేది వేడితో కాదు, గొంతు వాపుతో. తొమ్మిది రోజులు గుక్క దిగదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, మనిషిని ఒక పక్కకు తిప్పి, తడిగుడ్డ కొసతో గంజినీళ్ళు చుక్క చుక్కగా వదలాలి. తోడు ఉన్నవాళ్ళు బతుకుతారు. లేనివాళ్ళు పోతారు. అందుకే మా ఊళ్ళో రోగులను ఊరికి ఎడంగా వేరుపడవలో ఉంచుతాం, వాళ్ళతో తోడు పంపుతాం. తోడు ఎవరు వెళ్ళాలో మెడలోని దండ చెబుతుంది.

ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ తెల్ల శంఖపు పూస ఒకటి కడతాం. అది పుట్టుపూస. తర్వాత ఏ అంటుజ్వరం వచ్చి తగ్గినా దానికో పూస చేరుతుంది. గవదలకు పసుపు ఎముక, కోరింత దగ్గుకు నల్ల కొబ్బరిచిప్ప, తట్టుకు ఎర్ర పింగాణీ పెంకు, నీలిగోళ్ళకు నీలం ప్లాస్టిక్. ఒకసారి వచ్చిన జ్వరాన్ని ఒళ్ళు గుర్తు పెట్టుకుంటుంది, రెండోసారి లోపలికి రానివ్వదు. ఒంట్లో ఏం గుర్తుందో పైకి కనబడదు కాబట్టి మెడలో కనబడేలా కట్టుకుంటాం. నీలం పూస ఉన్నవాళ్ళు నీలిగోళ్ళ రోగికి తోడు వెళ్ళొచ్చు. లేనివాళ్ళు వేరుపడవను ఊరికి కట్టిన మోకు దాటకూడదు. ఊరు ఇన్నేళ్ళు తేలిందంటే సగం ఈ కట్టుబాటు వల్లే.

దండలు కట్టేది నేను. మూడేళ్ళ కిందట అత్తకు చూపు తగ్గి ఆ పని నాకు అప్పగించింది. అప్పటిదాకా పూసలు జ్వరాలు వచ్చిన వరసలో ఉండేవి, ఎవరి దండ వాళ్ళదే, ఒకటి చూస్తే ఇంకోటి అర్థం కాదు. నేను అందరివీ విప్పి లేత రంగు నుంచి ముదురుకు ఒకే పద్ధతిలో కట్టాను. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, నలుపు. ఇప్పుడు పక్క పడవ మీంచి చూసినా ఎవరికి ఏది వచ్చిందో తెలిసిపోతుంది. ఊరంతా మెచ్చుకుంది, ఒక్క అత్త తప్ప.

"వరస మార్చకే," అంది అప్పట్లో.

"ఎందుకు?"

"ఎందుకో నాకేటి తెలుసు? మా అత్త సెప్పినాది, మార్చొద్దని."

నవ్వాను. నవ్వి మార్చేశాను.

ఇవాళ దాని ఫలం చూశాం. వెనకటి రోజుల్లో తోడు ఎంపికకు పూట పట్టేదట. నేను అందరినీ అంచున నిలబెట్టి ఒక్క చూపుతో తేల్చేశాను. ముందుకొచ్చినది ముగ్గురు: చేపలెండబెట్టే సూరి, మోకులు పేనే బంగారి, మా అత్త. అత్తకు అరవై ఆరేళ్ళు, వద్దన్నాను. వింటేనా!

"గంజి సుక్కలు వదల్డానికి కండలెందుకే? కూకోడానికి ఓపికుంటే సాలు," అని మూట కట్టుకుని, కొంగున ఉల్లిపాయతో సహా మోకు దాటింది.

139వ రోజు

ట్యాంకులు: నిండా, సగానికి తక్కువ, అడుగున తడి.

అత్త గోళ్ళు నీలంగా తిరిగాయి. సూరివి కూడా.

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. నీలం పూస ఉన్న మనిషికి నీలిగోళ్ళు రావడం మా ఊళ్ళో నేనెన్నడూ వినలేదు. పొద్దున్న బంగారి వేరుపడవ అంచుకు వచ్చి చేతులు ఊపుతూ అరిచింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక జగ్గయ్య మామ పడవకు పరిగెత్తాను.

ఈలోగా ఊళ్ళో ఇంకో నలుగురికి తగిలింది. ఇప్పుడు వేరుపడవలో పదకొండు మంది రోగులు, తోడు బంగారి ఒక్కతే. పావుగంటకోసారి ఒక్కొక్కరి గొంతు తడపాలి. చేతులు రెండే ఉన్న మనిషికి అది అయ్యే పనేనా!

ఇంకా ఎవరైనా తోడు వెళ్ళండని జగ్గయ్య మామ పడవ పడవకూ తిరిగాడు. నీలం పూస ఉన్నవాళ్ళు ఇంకా యాభై ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. వాళ్ళను ఏమనగలం? పూస నమ్ముకుని వెళ్ళినవాళ్ళు ఎలా ఉన్నారో కళ్ళ ముందే కనబడుతోంది. సూరి పెళ్ళాం నా పడవ దాకా వచ్చి, "దండ సదివి పంపినావు కదమ్మా, ఇప్పుడు సెప్పు," అని నిలదీసింది.

140వ రోజు

ఉప్పు మిషను ఆపి, ఆ బ్యాటరీ రేడియోకు పెట్టాను. ట్యాంకులు చూడలేదు.

ఒడ్డు డాక్టరు రజియా గారు పొద్దున్నే పది నిమిషాలు దొరుకుతారు. జ్వరం రాకుండా ఆపే సూది మందు ఉంది కానీ సముద్రం కుదుటపడి పడవ బయల్దేరడానికి నెల పడుతుందన్నారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు. అది అడక్కపోయి ఉంటే ఈ పుస్తకంలో ఇక రాయడానికేమీ ఉండేది కాదు.

"దాలమ్మ గారూ, ఆ ఇద్దరికీ తట్టు వచ్చిందా ఎప్పుడైనా?"

"వొచ్చినాదండి. ఎర్ర పూసలున్నాయి."

"నీలిగోళ్ళకు ముందా, తర్వాతా?"

"అదెందుకండి?"

ఆవిడ నిదానంగా చెప్పారు. ఒక జ్వరంతో పోరాడి గెలిచాక ఒంట్లో కొన్ని కణాలు దాని ఆనవాలు పట్టుకుని మిగిలిపోతాయట. ఎముకల మూలుగలోనూ గ్రంథుల్లోనూ ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయట. అదే జ్వరం మళ్ళీ వస్తే దాని ఆకారానికి సరిగ్గా అతికే మందు తయారుచేసి దాన్ని పట్టేస్తాయి.

"తట్టు చేసే పాడుపని ఏమిటంటే, ఆ పాత ఆనవాళ్ళు దాచుకున్న కణాల్నే తినేస్తుంది. తట్టు తగ్గాక ఒంటికి తట్టు బాగా గుర్తుంటుంది, అంతకు ముందువి చాలావరకు చెరిగిపోతాయి. అందరికీ ఒకే మోస్తరుగా కాదు, కొందరికి కొంచెం, కొందరికి చాలా."

"మరి తట్టు తర్వాత వొచ్చినవండి?"

"అవి పదిలం. వాటిని చెరపడానికి తట్టు రెండోసారి రాదు కదా. మీ దగ్గర దండలున్నాయి, అదృష్టవంతులు. ఎర్ర పూస తర్వాత నీలం పూస ఎవరికుందో చూడండి. వాళ్ళు వెళ్ళొచ్చు."

బ్యాటరీ అయిపోయింది. రేడియో ఊరుకుంది.

వరస. వరసే కావాలి. ఊరందరి వరసలూ నా చేతులతో విప్పి, రంగుల ముచ్చటకు కలిపేసింది నేనే.

141వ రోజు

ట్యాంకులు: నిండా, పావు, ఖాళీ.

జగ్గయ్య మామకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "మనుషుల్ని అడుగు, గుర్తుంటాది," అన్నాడు.

అడిగాను. నీలిగోళ్ళు మా ఊరికి రెండుసార్లు వచ్చాయి, తేలిన 40వ ఏట ఒకసారి ఊరంతా, 44లో కొద్దిమందికి, అదీ ఎక్కువగా పిల్లలకు. మధ్యలో 42లో తట్టు. నలభై అయిదు దాటినవాళ్ళకు బాగా గుర్తుంది. వాళ్ళలో దాదాపు అందరికీ నీలిగోళ్ళు ముందు, తట్టు తర్వాత. అంటే వాళ్ళు పనికిరారు. ముసలి ఎర్రప్ప ఇంకో సంగతి కూడా చెప్పాడు. 44లో తోడు వెళ్ళిన పెద్దవాళ్ళలో ఇద్దరికి జ్వరం తగిలిందట, దిష్టి అనుకుని ఉప్పు తిప్పి ఊరుకున్నారట. అప్పుడే ఎవరైనా ఎందుకని అడిగి ఉంటే బాగుండేది.

ఇక చిన్నవాళ్ళం. మాలో ఎవర్ని అడిగినా "చిన్నప్పుడే" అంటారు. ఎంత చిన్నప్పుడో చెప్పలేరు. అన్నదమ్ములిద్దరు నాకు ముందంటే నాకు ముందని నా ఎదుటే కాలర్లు పట్టుకున్నారు. నా సంగతీ అంతే. తట్టు వచ్చినప్పుడు నాకు అయిదేళ్ళు. నీలిగోళ్ళు మూడో ఏటనా, ఏడో ఏటనా? ఎవరో తడిగుడ్డతో నా పెదాలు తడపడం ఒక్కటే గుర్తు. చెప్పాల్సిన మా అమ్మ లేదు.

సాయంత్రం బంగారి అంచుకు వచ్చి చెయ్యి నెత్తిన పెట్టుకుంది. నూకయ్య పోయాడు. బస్తాలు దించిన నలుగురిలో ఒకడు. బంగారి పడవకు ఆ చివర మా అత్తకు గొంతు తడుపుతుండగా ఈ చివర ఊపిరాడక పోయాడట. మా అత్తకు వంతు వచ్చిన సమయంలో. ఈ మాట ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు, రాసినా పట్టదు.

142వ రోజు

ట్యాంకులు తర్వాత.

నా దగ్గర ఒక డబ్బా ఉంది. తుపాను రోజు పొద్దున్న కొర్లయ్య తన దండ తీసి నా చేతిలో పెట్టి, "దారం నలిగిపోనాది, వొచ్చేసరికి మార్చి ఉంచు," అని వెళ్ళాడు. రాలేదు. నేనూ దారం మార్చలేదు. ఊరందరి దండలూ విప్పాను కానీ అది విప్పడానికి చేతులు రాలేదు. తొమ్మిదేళ్ళుగా అది అలాగే ఉంది.

ఇవాళ తీశాను, ఏడవడానికే. అబద్ధం ఎందుకు!

తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం. చేతిలో తిప్పుతుంటే పూసలు కదల్లేదు. ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉన్నాయి. వెలుతురులో పెట్టి చూస్తే పూసకూ పూసకూ మధ్య సందు లేదు. గట్టి పింగాణీ పెంకు పక్కనున్న కొబ్బరిచిప్పను అరగదీసి గుంట చేసుకుని అందులో కూర్చుంది. రెండో పక్క పసుపు ఎముకలోకీ అలాగే దిగింది. ఏళ్ళ తరబడి ఉప్పులో, చెమటలో, మెడ కదిలినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకుని, ప్రతి పూసా పక్కదాని ఆకారం ఒంట పట్టించుకుంది.

నా మెడలోది లాగి చూశాను. నా పూసలు గలగలమన్నాయి. ఎక్కడ చూసినా సందులే. గుంట ఒక చోట, దానికి పట్టే ఉబ్బు ఇంకో చోట.

దారం తెంపేశాను. పుట్టుపూస నుంచి మొదలెట్టాను. దాని మీద పల్చటి గుంట ఉంది. పసుపు పెడితే ఊగింది. నీలం పెడితే ఊగింది. ఎరుపు పెట్టాను, టక్కున కూర్చుంది. ఎరుపు రెండో వైపు నలుపు. నలుపు మీద నీలం. చివర పసుపు. చేత్తో పట్టుకుని ఊపాను. చప్పుడు లేదు.

తెలుపు, ఎరుపు, నలుపు, నీలం, పసుపు. నాకు తట్టే ముందు వచ్చింది. అమ్మ చెప్పలేకపోయినదాన్ని పూసలు చెప్పాయి.

143వ రోజు

నిన్నటి నుంచి నడుం వాల్చలేదు. యాభై ఎనిమిది దండలు విప్పి పేర్చాను. నలభై ఒక్కరికి నీలం ముందు, ఎరుపు తర్వాత. పదిహేడుగురికి ఎరుపు తర్వాత నీలం. ఆ పదిహేడుగురిలో నేనొకదాన్ని.

జగ్గయ్య మామ నా ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా చూశాడు.

"పూసలు ఒకపాలి మోసం సేసినాయి కదే. మళ్ళీ ఆటినే నమ్మమంటావేటి?"

"పూసలు సెయ్యలేదు మామా. నాను సేసినాను."

"నిజమని ఏటి గుర్తు?"

దానికి ఒక్కటే దారి. అంచుకు వెళ్ళి బంగారిని కేకేశాను. మెడలోది విప్పి ఎలా పేర్చాలో నీళ్ళ మీంచి అరిచి చెప్పాను. పాపం, కళ్ళు తెరుచుకోలేనంత అలసట, అయినా కూర్చుని పేర్చింది. ఎరుపు తర్వాతే నీలం. ఈ తొమ్మిది రోజుల్లో బంగారికి గొంతు గరగర కూడా లేదు. తర్వాత సూరిది విప్పి పేర్చింది. నీలం, ఆ తర్వాత ఎరుపు. మా అత్తది అడగక్కర్లేదు, ఆమె సంగతి ఊరి పెద్దవాళ్ళందరికీ తెలుసు. అయినా పేర్చి చూసింది. నీలం, ఆ తర్వాత ఎరుపు.

మామ మెడలోని తన దండ తడుముకున్నాడు. ఆయనదీ నీలం ముందే.

"పదారుమందిని పిలిసి సెప్తాను. కానీ ఎవులొస్తారే, దాలీ? నీ మాట మీద ఒకపాలి ఎల్లినోళ్ళు ఎలాగున్నారో సూస్తన్నారు."

"అందుకే ముందు నానెల్తాను," అన్నాను. "అయిదు రోజులు సూడండి. అత్తకీ సూరికీ గోళ్ళు తిరిగింది అయిదో రోజునే."

భయం లేదని రాయను. రజియా గారు పదిలం అన్నారు కానీ ఆవిడ నా మెడలో పూసలు చూడలేదు. ఆ పూసలు పేర్చింది నేను, అంతకు ముందు పాడుచేసిందీ నేనే. కానీ అక్కడ అత్తకు రేపటితో అయిదో రోజు నిండుతుంది. గొంతు పూర్తిగా మూసుకుపోయేది అప్పుడే.

పుస్తకం మామకు ఇస్తున్నాను. మామా, గుల్లలు గీకేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకో.

144వ రోజు

ట్యాంకులు: నిండా, పావు, ఖాళీ. రాసినది జగ్గయ్య. దాలమ్మ మోకు దాటింది. నీళ్ళ సంగతి కానిది ఇందులో రాయను.

145వ రోజు

ట్యాంకులు: అవే. మిషను నడిచింది. గుల్లలు గీకడం ఇంత కష్టమని తెలియదు.

146వ రోజు

ట్యాంకులు: ముప్పావు, పావు, ఖాళీ. దాలమ్మ అంచుకు వచ్చి రెండు చేతులూ చాపి గోళ్ళు చూపించింది. గులాబీ రంగే. ఇది నీళ్ళ సంగతి కాదు. అయినా రాశాను.

147వ రోజు

గులాబీ రంగే. ఊరంతా అంచున నిలబడి చూసింది. ట్యాంకులు చూడడం మర్చిపోయాను.

148వ రోజు

అయిదో రోజు. గులాబీ రంగు. ఎనిమిదిమంది అడక్కుండానే మూటలు కట్టుకుని వచ్చారు. అందులో సూరి పెళ్ళాం ఒకతె. ఆమెది కూడా ఎరుపు తర్వాత నీలం. మోకు నేనే పట్టుకుని అందరినీ దాటించాను. మధ్యాహ్నం వాన. మూడో ట్యాంకులో మూరెడు.

163వ రోజు

ట్యాంకులు: నిండా, నిండా, సగం. రాసినది దాలమ్మ. మామ రాసినవి చదివాను. నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. ఇక నన్నెప్పుడు తిడతాడో చూస్తాను.

నూకయ్య తర్వాత ఎవరూ పోలేదు. పదిమందికీ గొంతులు తెరుచుకున్నాయి. బషీరు ఇంకా బొంగురుగానే మాట్లాడతాడు, ఎండదెబ్బ అనడం మాత్రం మానేశాడు.

ఆ రోజుల గురించి వివరంగా రాయలేను, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బంగారి నన్ను చూడగానే తడిగుడ్డ నా చేతిలో పెట్టి, ఉన్నచోటే పడి నిద్రపోయింది. అత్త నన్ను గుర్తుపట్టలేదు. నన్ను వాళ్ళ అత్త అనుకుని, "వరస మార్చలేదు అత్తా, నిజంగా నాను మార్చలేదు," అని రెండు రోజులు పలవరించింది. గొంతులోంచి గాలి తప్ప మాట రాదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. చుక్క వదలడం, ఊపిరి వినడం, పక్కకు తిప్పడం. చుక్క వదలడం, ఊపిరి వినడం. ఆరో రోజు కొంతసేపు ఊపిరి వినబడలేదు. ఒళ్ళోకి లాక్కుని బోర్లా వంచి వీపు మీద చరిచాను. "నువ్వు పోతే నాను ఎవుల్తో పోట్లాడాలి!" అని గట్టిగా అరిచానట, బంగారి చెప్పింది. నాకు గుర్తు లేదు. ఊపిరి మాత్రం వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున్న గుక్క దిగింది. చోడంబలి చెంచాతో పెట్టాను. మింగింది. ఇంకో చెంచా ఎత్తితే చేత్తో అడ్డుపెట్టి కొంగు తడుముకుంది. ముడి విప్పింది. ఉల్లిపాయకు ఇంత పొడుగు మొలక వచ్చి ఉంది.

"వాసనకి అన్నావు కదత్తా."

"అంబలుంటే వాసనెందుకే," అంది. అదే మొదటి మాట. పళ్ళెం అంచుతో చితక్కొట్టి ఇచ్చాను. కొరికి, కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కార్చుకుంటూ నమిలింది. ఉల్లిపాయ ఘాటుకే అంది. నా కళ్ళకూ అదే కారణం.

బలం వచ్చాక అంతా చెప్పాను. తట్టు సంగతి, వరస సంగతి, నూకయ్య సంగతి. నా తప్పేనని చెప్పాను.

"వరసున్నా నానెల్దును కదే," అంది అత్త. "నీలం పూస సూసే ఎల్దును. వరస ఎందుకో నాకు తెలిస్తే కదా ఆగడానికి! మా అత్తకి ఎవులో సెప్పుంటారు ఎందుకో. అది ఆవిడ నాకు సెప్పలేదు. వొద్దన్న మాటొక్కటే వొచ్చినాది నా దాకా. ఎందుకో రాలేదు."

"మరి నాను సేసింది?"

"నువ్వు సేసింది ఎదవ పనే. అది ఎలాగా పోదు. నీ దగ్గర కాగితముంది కదా, ఎందుకో అది రాసి పెట్టు. నీ తర్వాత ఇంకో తింగరి కోడలొస్తాది, రంగులు బాగున్నాయని."

అందుకే ఇదంతా రాశాను. నీళ్ళ పుస్తకంలోనే రాశాను, ఎందుకంటే ఈ పుస్తకం ఒక్కటే రోజూ ఎవరో ఒకరు తెరుస్తారు. రాబోయే కోడలా, విను. పూసలను జ్వరాలు వచ్చిన వరసలోనే కట్టు. ఎర్ర పూసకు ముందున్న వాటిని నమ్మకు, తర్వాతి వాటిని నమ్ము. అదే జ్వరం రెండోసారి వస్తే రెండో పూస కట్టు, దిష్టి అని వదిలెయ్యకు. ఇందులో ఏదైనా మార్చాలనిపిస్తే ముందు ఇక్కడి నుంచి వెనక్కి 131వ రోజు దాకా చదువు.

174వ రోజు

ట్యాంకులు: మూడూ నిండా. ఇలా రాసి ఎన్నాళ్ళయిందో.

రజియా గారి పడవ వచ్చింది. సూదులు దించారు. ఆవిడ మూడు గంటలు నా పక్కన కూర్చుని దండలు చూశారు. ఒడ్డున ఎవరికి ఏ జ్వరం ఎప్పుడు వచ్చిందో రాసుకున్న కాగితాలన్నీ నీళ్ళలో పోయాయట. పూసలు అలా పక్కపక్కన అతికించి చూస్తూ, "మాకూ నేర్పుతారా?" అని అడిగారు. ఒడ్డు మమ్మల్ని నేర్పమని అడగడం ఇదే మొదటిసారి. జగ్గయ్య మామ మీసం దువ్వుకున్నాడు. దండలు ఆయనే కనిపెట్టినట్టు.

ఊరందరి దండలూ మళ్ళీ కడుతున్నాను. ఒక్కొక్కటీ పుట్టుపూస నుంచి, అతికేదాకా తిప్పి చూసి. సూది వేయించుకున్నవాళ్ళకు కొత్త పూస, చేప ముల్లుది, చివర్న. పుస్తకం కుట్టడానికి తప్ప దారం మిగల్లేదు. కొర్లయ్య దండకు కొత్త దారం మార్చాను. వరస మార్చలేదు.

అత్తది చివరికి మిగిల్చాను. పుట్టుపూస, పసుపు, నీలం, ఎరుపు, నలుపు. ఆ పక్కన ఇంకో నీలం, నేను పాత డ్రమ్ము ముక్క తీసి అరగదీసి చేసింది. రెండు నీలాలున్న దండలు మా ఊళ్ళో రెండే, సూరిది, ఇది. ఆమె మెడలో కట్టి ముడేశాను.

చూపు ఆనదు కనుక వేలితో తడిమింది. ఒక్కో పూసా దాటి చివరి దాని దగ్గర ఆగింది.

"ఇది గరుగ్గా ఉన్నాదే. పక్కదానికి అతకలేదు."

"కొత్తది కదత్తా. రాసుకోవాలి. ముప్పయ్యేళ్ళు పడతాది, నున్నబడ్డానికి."

అత్త వేలు ఆ పూస మీదే ఉంచి కాసేపు తన వయసు లెక్క వేసుకుంది.

"అయితే తొంబయ్యారు," అంది. "సర్లే. నీ కర్మ. అంబలెట్టు."